అక్క పాదంలో వేసిన సూది, అడవి దుంప తవ్విన చేతులు

పోస్టు కొంచెం పెద్దది. సిగ్నల్ ఉన్నచోట తెరిచి పెట్టుకుని తీరిగ్గా చదవండి. ఇది ఒక చిన్న సూది మందు చరిత్ర. చివరికి మన అడవి దాకా వస్తుంది.

మా అక్క టౌన్లో ఒక బట్టల షాపులో పని చేస్తుంది. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఉండాలి. యూనిఫారం, దానికి తోడు ముందు వైపు ఇరుగ్గా ఉండే నల్ల బూట్లు. ఏడాది తిరక్కముందే కుడి పాదంలో నొప్పి మొదలైంది. మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య మంట. "బూటులో గులకరాయి ఇరుక్కున్నట్టుంటుంది, తీసి చూస్తే ఏమీ ఉండదు" అనేది. బూట్లు విప్పి వేళ్ళు నలుపుకుంటే కాసేపు తగ్గేది. చిన్నప్పుడు ఇద్దరం ఉత్త కాళ్ళతో కొండలెక్కి దిగాం, అప్పుడెప్పుడూ ఇలాంటి నొప్పి చూళ్ళేదు.

డాక్టరు స్కానింగ్ తీయించి, వేళ్ళకి పోయే నరం మందమయ్యిందని చెప్పాడు. దాని పేరు మోర్టన్ న్యూరోమా. వెడల్పు చెప్పులు, పాదం కింద మెత్త వాడి చూశారు. తగ్గలేదు. అప్పుడు పాదం పైనుంచి వేళ్ళ సందులోకి స్టెరాయిడ్ సూది వేశారు. ఊళ్ళో ఈ మాట తెలిసి, "ఆ సూదేస్తే కాలు చచ్చుబడిపోద్ది" అన్నవాళ్ళున్నారు. మా అమ్మమ్మ మాత్రం ఒక్కటే అడిగింది: "ఆ మందు ఏ చెట్టుదిరా?"

మేమంతా నవ్వాం. ఇంగ్లీషు మందుకి చెట్టేంటి అమ్మమ్మా అని. తర్వాత కాలేజీ లైబ్రరీలోనూ ఫోన్లోనూ దీని గురించి చదవడం మొదలుపెట్టాక నా నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఆ ప్రశ్నకి జవాబు ఉంది. చెట్టు కాదు, తీగ. అడవి దుంప తీగ.

ముందు జబ్బు సంగతి. 1845లో లండన్లో లూయిస్ డర్లాకర్ అనే ఆయన ఈ నొప్పి గురించి రాశాడు. ఆయన విక్టోరియా రాణి పాదాలకి వైద్యం చేసేవాడు. 1876లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో థామస్ మోర్టన్ అనే సర్జన్ 15 మంది రోగుల వివరాలతో వ్యాసం రాశాడు. పేరు ఆయనదే నిలిచింది. కానీ నొప్పికి కారణం వేలి మొదట్లో ఉన్న కీలు అనుకుని, కీలునే కోసి తీసేయాలన్నాడు. అసలు తేడా నరంలోనే ఉందని, అది మందంగా ఉబ్బి ఉందని 1940లో ఆస్ట్రేలియా డాక్టరు బెట్స్ చూపించాడు. పాదం ఎముకల మధ్య ఆ నరం నలిగి నలిగి దాని చుట్టూ పీచులాంటి కండ పేరుకుపోతుంది. న్యూరోమా అంటే నరం గడ్డ అని అర్థమే గానీ ఇది నిజమైన గడ్డ కాదు, క్యాన్సర్ అసలే కాదు. ఇరుకు బూట్లు, ఎత్తు మడమలు దీన్ని పెంచుతాయి.

ఇక మందు సంగతి. 1948 సెప్టెంబరు 21న అమెరికాలో మేయో క్లినిక్ అనే ఆసుపత్రిలో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు కీళ్ళవాతంతో మంచానికి అతుక్కుపోయిన 29 ఏళ్ళ ఆవిడకి కొత్త మందు ఎక్కించాడు. కొద్ది రోజుల్లోనే ఆవిడ లేచి నడిచింది. ఆ మందే కార్టిసోన్. మన కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న చిన్న గ్రంథులుంటాయి, అవి తయారుచేసే పదార్థం. వాపునీ మంటనీ అణిచేస్తుంది. 1950లో హెంచ్‌కీ, ఆయనతో పనిచేసిన కెండాల్‌కీ, స్విట్జర్లాండ్‌లో ఇదే పదార్థాల మీద పరిశోధన చేసిన రైక్‌స్టైన్‌కీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

పేపర్లన్నీ అద్భుతం అని రాశాయి. చిక్కల్లా ధర దగ్గరే. అప్పట్లో దీన్ని ఎద్దుల పిత్త రసం నుంచి, ముప్పైకి పైగా మెట్లు దాటి తయారు చేసేవాళ్ళు. కబేళాలన్నిట్లో పిత్తం పోగేసినా చాలదు. 1949లో ఒక గ్రాము 200 డాలర్లు. అంటే మందు ఉంది, మామూలు మనిషికి లేదు. ఆ మందు బట్టల షాపులో పనిచేసే అమ్మాయి పాదం దాకా రావాలంటే ఎక్కడో చవకగా దొరికే ముడిసరుకు కావాలి. అది మెక్సికో అడవుల్లో భూమి కింద ఉంది.

ఇక్కడ కథలోకి రస్సెల్ మార్కర్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త వస్తాడు. మొక్కల్లో నురుగు వచ్చే పదార్థాలుంటాయి, మన కుంకుడుకాయలో ఉన్నట్టు. వాటిలో ఒక దాన్నుంచి డయోస్జెనిన్ అనే పదార్థం తీసి, కొద్ది మెట్లలోనే ప్రొజెస్టెరాన్ అనే ఆడవాళ్ళ హార్మోన్ తయారు చేయొచ్చని ఆయన కనిపెట్టాడు. డయోస్జెనిన్ ఎక్కువ ఉన్న మొక్క కోసం వెతుకుతుంటే, టెక్సాస్‌లో ఒక వృక్షశాస్త్రజ్ఞుడి ఇంట్లో ఒక పుస్తకంలో పెద్ద దుంప ఫొటో కనిపించింది. మెక్సికోలో వెరాక్రూజ్ ప్రాంతపు దుంప అది. 1942 జనవరిలో ఆయన అక్కడికి పోయాడు. స్పానిష్ భాష రాదు. అల్బెర్టో మొరెనో అనే చిన్న కొట్టాయన ఆ దుంపల్ని గుర్తుపట్టి రెండు తవ్వించి తెచ్చి ఇచ్చాడు. తిరిగొచ్చే దారిలో బస్సు మీద వేసిన ఆ సంచులు మాయమయ్యాయి. ఒక పోలీసుకి డబ్బులిస్తే ఒకటి తిరిగొచ్చింది. ఒక పెద్ద పరిశ్రమ మొత్తం ఆ ఒక్క దుంప మీద మొదలైంది.

అమెరికా కంపెనీలు ఆయన్ని నమ్మలేదు. మార్కర్ ఉద్యోగం వదిలేసి, మొరెనో పోగేయించిన టన్నుల కొద్దీ దుంపల్నుంచి తానే 3 కిలోల ప్రొజెస్టెరాన్ తీశాడు. అప్పుడు దాని ధర గ్రాముకి 80 డాలర్లు. లెక్క వేసుకోండి, రెండు లక్షల నలభై వేల డాలర్లు. 1944లో మెక్సికో నగరంలో ఇంకో ఇద్దరితో కలిసి సింటెక్స్ అనే కంపెనీ పెట్టాడు. ఏడాది తిరగ్గానే డబ్బు పంపకాల దగ్గర గొడవొచ్చి బయటికి పోయాడు. తర్వాత అంతకన్నా ఎక్కువ డయోస్జెనిన్ ఉన్న ఇంకో అడవి దుంప దొరికింది. అక్కడి జనం దాన్ని బర్బాస్కో అంటారు. దాన్ని దంచి వాగులో కలిపి చేపల్ని మత్తెక్కించి పట్టుకునేవాళ్ళు. వినడానికి మనకి కొత్తగా లేదు కదా!

1951లో సింటెక్స్ వాళ్ళు ఈ దుంప నుంచే కార్టిసోన్ తయారు చేశారు. మరుసటి ఏడాది అప్‌జాన్ అనే అమెరికా కంపెనీలో పీటర్సన్, మర్రే అనే ఇద్దరు ఒక విచిత్రం చూపించారు. రొట్టె మీద పట్టే బూజు జాతిది ఒకటి, ప్రొజెస్టెరాన్‌లో పడితే, రసాయన శాస్త్రజ్ఞులు ఎన్నో మెట్లలో చేసే కష్టమైన పనిని ఒక్క మెట్టులో చేసేస్తుంది. ఇంకేముంది, అప్‌జాన్ కంపెనీ మెక్సికో నుంచి 10 టన్నుల ప్రొజెస్టెరాన్ ఆర్డర్ పెట్టింది. అంతకుముందు గ్రాముల్లో లెక్కపెట్టిన సరుకు అది. 200 డాలర్ల మందు కొన్నేళ్ళలోనే మామూలు జనం కొనుక్కోగలిగే ధరకి దిగింది.

ఈ చరిత్రలో ఇంకో పేరు మనం గుర్తుపెట్టుకోవాలి. పెర్సీ జూలియన్. బానిసల మనవడు, నల్లజాతి శాస్త్రవేత్త. షికాగోలో సోయా గింజల నుంచి స్టెరాయిడ్లు తీసే దారులు వేశాడు. తెల్లవాళ్ళుండే పేటలో ఇల్లు కొనుక్కుంటే 1950లో ఇంటికి నిప్పంటించబోయారు, 1951లో డైనమైట్ విసిరారు. ఆయన తీసిన దారుల్లో తయారైన మందు మాత్రం అందరి ఒళ్ళోకీ ఎక్కింది.

సూది ఎలా మొదలైందంటే, మళ్ళీ అదే ఫిలడెల్ఫియా. 1951లో హోలాండర్ అనే డాక్టరు, కార్టిసోన్ చుట్టం అయిన హైడ్రోకార్టిసోన్‌ని నేరుగా నొప్పి ఉన్న కీలులోకే ఎక్కిస్తే బాగా పనిచేస్తుందని రాశాడు. ఒళ్ళంతా మందు నింపక్కర్లేదు, నొప్పి ఉన్న చోటే కాస్త వేస్తే చాలు. అక్కణ్ణుంచి ఆ పద్ధతి భుజానికి, మోచేతికి, మడమకి, చివరికి పాదం నరం పక్కకి వచ్చింది. 1950ల చివర్లో మిథైల్‌ప్రెడ్నిసొలోన్, ట్రయామ్సినొలోన్ లాంటి ఇంకా గట్టి మందులొచ్చాయి. మా అక్కకి వేసింది మిథైల్‌ప్రెడ్నిసొలోనే, మొద్దుబారే మందుతో కలిపి.

ఆరోగ్యం మాట వచ్చింది కాబట్టి సూటిగా చెప్తా. ఈ సూది వల్ల కాలు చచ్చుబడిపోదు. అలాగని మంత్రం కూడా కాదు. ఎడిన్‌బరోలో 131 మంది మీద చేసి 2013లో ప్రచురించిన పరీక్షలో, ఉత్త మొద్దుబారే మందు వేయించుకున్నవాళ్ళ కన్నా స్టెరాయిడ్ కలిపి వేయించుకున్నవాళ్ళకి 3 నెలల తర్వాత పాదం మెరుగ్గా ఉంది. కొందరికి నొప్పి మళ్ళీ వస్తుంది, కొందరికి ఆపరేషన్ దాకా పోతుంది. మాటిమాటికీ వేయించుకుంటే అరికాలి కొవ్వు పలచబడొచ్చు, సూది పడినచోట చర్మం తెల్లబడొచ్చు. షుగర్ ఉన్నవాళ్ళకి కొన్నాళ్ళు షుగర్ పెరుగుతుంది. సూది వేయించుకుని మళ్ళీ అవే ఇరుకు బూట్లు వేసుకుంటే డబ్బు దండగ. ఇంకో మాట, మన ఏజెన్సీలో ముఖ్యమైనది: నొప్పి కాకుండా మొద్దుబారిన మచ్చ, స్పర్శ లేని పాదం, ఉబ్బిన నరం కనిపిస్తే అది కుష్టు కావచ్చు. సిగ్గుపడకుండా పీహెచ్‌సీకి పోండి. మందులు ఉచితం, జబ్బు పూర్తిగా నయమవుతుంది. ఆలస్యం చేస్తేనే కాళ్ళు చేతులు పాడవుతాయి.

అలాగే ఈ పోస్టు చదివి ఎవరూ అడవి దుంప నూరి నొప్పికి తాగకండి. డయోస్జెనిన్‌ని స్టెరాయిడ్‌గా మార్చే పని ఫ్యాక్టరీలో జరగాల్సిందే, మన ఒంట్లో జరగదు. పైగా మన చేదు దుంపల్లో కొన్ని సరిగ్గా వండకపోతే విషం.

ఇప్పుడు అసలు మాట. ఆ టన్నుల దుంపలు ఎవరు తవ్వారు?

ఓహాకా, వెరాక్రూజ్ కొండల్లో చినాంతెక్ వంటి ఆదివాసీ జాతులవాళ్ళు, భూమి లేని పేద రైతులు. మనలాగే పోడు చేసుకునేవాళ్ళు. పంట చేతికి రాని రోజుల్లో గునపం, కత్తి పట్టుకుని అడవిలోకి పోయి, తీగ ఆకు చూసి దుంప ఎక్కడుందో పోల్చి, రాళ్ళ నేల తవ్వి, గోనె సంచీ వీపున మోసుకుని దళారి కాటా దగ్గరికి తెచ్చేవాళ్ళు. అక్కడ దుంపల్ని ముక్కలు చేసి ఎండబెట్టి పిండి చేసి పట్నం పంపేవాళ్ళు. ఆ పని బాగా నడిచిన రోజుల్లో దాదాపు లక్షమంది దీని మీద బతికారని ఆ చరిత్ర రాసినవాళ్ళ అంచనా. గాబ్రియేలా సోటో లవేగా అనే చరిత్రకారిణి ఆ ఊళ్ళకి పోయి, తవ్వినవాళ్ళతో మాట్లాడి 2009లో ఒక పుస్తకమే రాసింది. తమ దుంప ఎక్కడికి పోతుందో, దాంతో ఏం చేస్తారో తవ్విన చాలామందికి తెలీదట. ప్రపంచం మొత్తం కీళ్ళనొప్పి మందులు, గర్భనిరోధక మాత్రలు ఆ సంచీల్లోంచి వస్తున్నాయి. మోసినవాడికి కిలోకి కొన్ని చిల్లర పైసలు.

1975 జనవరిలో మెక్సికో అధ్యక్షుడు ఎచెవెర్రియా ప్రభుత్వ కంపెనీ ఒకటి పెట్టాడు. దుంపకి మంచి ధర ఇప్పిస్తాం, ఫ్యాక్టరీల్లో మీకే చోటిస్తాం అన్నారు. తవ్వేవాళ్ళు సంఘాలు కట్టారు. డయోస్జెనిన్ అంటే ఏంటో నేర్చుకున్నారు. కానీ విదేశీ కంపెనీలు అప్పటికే వేరే దారి చూసుకున్నాయి. సోయా, చైనా దుంపలు, పూర్తిగా ఫ్యాక్టరీలోనే చేసే పద్ధతులు. 1980లు గడిచేసరికి బర్బాస్కో అడిగే నాథుడు లేడు. చేతికి తెలివి వచ్చేసరికి సరుకుకి గిరాకీ పోయింది. ఇది నన్ను బాగా బాధపెట్టిన భాగం.

మన దేశానికీ ఈ గాలి తగిలింది. హిమాలయాల్లో కాశ్మీర్, హిమాచల్ వైపు దొరికే ఒక దుంప తీగలో డయోస్జెనిన్ బాగా ఉంటుంది. దాన్ని ఎంత తవ్వేశారంటే, 1975లో అంతర్జాతీయ వ్యాపారం మీద అదుపు ఉండాల్సిన మొక్కల జాబితాలో చేర్చాల్సి వచ్చింది. అంటే జ్ఞానం పోవడమే కాదు, మొక్క కూడా పోయేదాకా వచ్చింది.

ఇప్పుడు మన ఊళ్ళు తలుచుకోండి. మార్కర్ మెక్సికోలో దుంప వెతుకుతున్న ఆ రోజుల్లోనే హైమెండార్ఫ్ మన దగ్గర తిరిగాడు. నల్లమలలో చెంచులు తవ్వుకోలతో దుంపలు తీయడం గురించి 1943లో పుస్తకం వేశాడు, 1945లో మా కొండరెడ్ల మీద ఇంకోటి. మా అమ్మమ్మ ఇప్పటికీ ఎండిన తీగ పట్టుకుని చూసి కింద దుంప ఎంతుందో చెప్పేస్తుంది. తీగ మెలిక తిరిగే వైపు చూస్తుంది, ఆకులు లెక్కపెడుతుంది. చేదు దుంపని పలచగా కోసి, బుట్టలో వేసి, రాత్రంతా పారే వాగులో కట్టేసి, పొద్దున నీళ్ళు మార్చి మార్చి ఉడికిస్తుంది. తవ్వాక మొదలు ముక్క మళ్ళీ గుంటలోనే పెట్టి మట్టి కప్పుతుంది, వచ్చే ఏడాదికి ఉండాలని. కాలేజీలో ఇదంతా బోటనీ, కెమిస్ట్రీ, కన్జర్వేషన్ అని మూడు సబ్జెక్టులు. అమ్మమ్మ దగ్గర ఒక్క పొద్దుటి పని.

తపసి జిగురు తీసేవాళ్ళు మనలో ఎంతమంది లేరు? చెట్టుకి గాటు పెట్టి, ఎండాక ఒలిచి, జీసీసీకి అమ్ముతాం. అది ముసలివాళ్ళ కట్టుడు పళ్ళు నోట్లో అంటుకుని ఉండే మందులో పడుతుందని, మలబద్ధకం మందులో పడుతుందని మనలో ఎంతమందికి తెలుసు? నాకు మొన్నటిదాకా తెలీదు. మెక్సికో బర్బాస్కో తవ్విన మనిషికీ నాకూ తేడా ఏముంది?

వేరేలా కూడా జరగొచ్చు అనడానికి మన దక్షిణాదిలోనే ఒక ఉదాహరణ ఉంది. 1987లో కేరళ అగస్త్య కొండల్లో శాస్త్రవేత్తలకి దారి చూపించిన కాణి ఆదివాసీలు ఒక మొక్క కాయలు తింటూ అలసట లేకుండా నడిచారు. ఆ మొక్క ఆరోగ్యపచ్చ. వృక్షశాస్త్రజ్ఞులు ఇప్పుడు దాన్ని మన దుంప తీగల కుటుంబంలోనే పెడుతున్నారు. దాంతో తిరువనంతపురం వృక్షశాస్త్ర సంస్థ జీవని అనే మందు చేసి, ఒక కంపెనీకి 10 లక్షల ఫీజు, అమ్మకాల మీద 2 శాతం వాటాకి ఇచ్చింది. వచ్చిన దాంట్లో సగం కాణీల ట్రస్టుకి. ఆకులు కోయనివ్వడం మీద అటవీ శాఖతో పేచీలు వచ్చాయి, అనుకున్నంత డబ్బూ రాలేదు. అయినా "ఇది కాణీల నుంచి తెలుసుకున్నాం" అని కాగితం మీద రాసి, డబ్బులో భాగం పెట్టారు. మెక్సికోలో తవ్వినవాళ్ళకి ఆ మాట కూడా దక్కలేదు.

ఇప్పుడు మన చేతిలో రెండు చట్టాలున్నాయి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఒక కమిటీ ఉండాలి, ఊరి మొక్కలూ జ్ఞానమూ రాసిన ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(కె) కింద జీవవైవిధ్యానికి సంబంధించిన మన సంప్రదాయ జ్ఞానం మీద మన సమాజానికి హక్కు ఉంది. 2023లో జీవవైవిధ్య చట్టాన్ని సవరించి, గ్రంథాల్లో రాసి ఉన్న జ్ఞానం వాడేవాళ్ళకి లాభం పంచే బాధ్యత తీసేశారు. మన జ్ఞానం గ్రంథాల్లో లేదు, అమ్మమ్మల నోట్లో ఉంది. కాబట్టి మన వాటా హక్కు ఇంకా పోలేదు. కానీ అది మనదే అని చూపించడానికి ఆధారం మనమే తయారు చేసుకోవాలి.

అందుకే నా అడుగుడు ఒక్కటే. ఈ సెలవులకి ఇంటికి పోయినప్పుడు మీ పంచాయతీలో ఆ రిజిస్టర్ చూపించమని అడగండి. కొన్నిచోట్ల బయటి మనిషి ఎవరో కూర్చుని నింపేసిన కాగితం ఉంటుంది, మన పేర్లు మన మాటలు అందులో ఉండవు. ఉంటే సరిచేయించండి, లేకపోతే మొదలుపెట్టించండి. దుంప పేరు మన భాషలోనే రాయండి. ఎవరు చెప్పారో రాయండి. తయారీ రహస్యాలు రాయాలా వద్దా అన్నది గ్రామసభలో పెద్దలతో మాట్లాడి తేల్చుకోండి. అన్నీ బయట పెట్టక్కర్లేదు. తెలిసో తెలియకో ఫోన్లో వీడియో తీసి పెట్టేముందు కూడా ఒకసారి ఆలోచించండి.

సూది వేసిన మూడు వారాలకి అక్క నొప్పి బాగా తగ్గింది. షాపు ఓనర్‌తో మాట్లాడి వెడల్పు చెప్పులకి ఒప్పించుకుంది, అది సూది కన్నా పెద్ద గెలుపు అంటుంది. ఆ సీసాలో మందు ఈ రోజుల్లో సోయా నుంచి వచ్చి ఉండొచ్చు, దుంప నుంచి కాకపోవచ్చు. కానీ ఆ మందు ప్రపంచానికి చవకగా అందిన దారి వేసింది మాత్రం అడవి దుంపే.

పండక్కి ఇంటికి పోయినప్పుడు అమ్మమ్మకి చెప్పా. "నువ్వడిగింది నిజమే. ఆ మందు మొదట దుంప నుంచే చేశారు. చాలా దూరంలో, మనలాంటోళ్ళే తవ్వారు." అమ్మమ్మ కాసేపు ఆలోచించి, "మొదలు ముక్క మళ్ళీ పాతారా వాళ్ళు?" అని అడిగింది.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మీ ఊళ్ళో దుంపల పేర్లు, అవి చెప్పిన పెద్దల మాటలు ఒక నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టండి. నేను మొదలుపెట్టాను. మొదటి పేజీ మీద మా అమ్మమ్మ పేరు రాశాను.

జై ఆదివాసీ.